పని ఒకటి, చేసినట్టు చూపించే పని ఇంకొకటి

(జిల్లా గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఈ వరుస ఖాళీగానే ఉంది.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘మొబైల్ ఫోన్, మారుతున్న జీవితం’. ఏ కొస నుంచి మొదలుపెట్టినా సభ ముగిసేసరికి మధ్యలోనే ఉండిపోయేంత పెద్ద అంశం. అందుకని ఒక్క సంగతే మాట్లాడతాను. ఫోన్ వచ్చాక, కష్టపడి పనిచేసే మనిషికీ, ఆ పని చేయించుకునేవాళ్లకీ మధ్య ఏం మారింది? పిల్లలు ఫోన్ చూసి పాడైపోతున్నారా, కళ్లు పోతున్నాయా అన్న చర్చ కూడా ముఖ్యమే, అది నాకంటే డాక్టర్లు బాగా చెబుతారు.

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో మనం చేసే కాల్‌కే కాదు, మనకు వచ్చే కాల్‌కి కూడా బిల్లు పడేది. నా దృష్టిలో కూలీనాలీ చేసుకునేవాళ్లకు అసలు మార్పు ఆ రోజు రాలేదు, 2003లో ఇన్‌కమింగ్ ఉచితం అయ్యాక వచ్చింది. అప్పటిదాకా తాపీ మేస్త్రీ, ప్లంబర్, సెంట్రింగ్ పనివాళ్లు పొద్దున్నే అడ్డా మీదకొచ్చి నిలబడాలి. ఎవరైనా వచ్చి పిలిస్తే పని, లేకపోతే టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఇంటికి. ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక రీచార్జి డబ్బుల్లేని మేస్త్రీకి కూడా పని వెతుక్కుంటూ ఫోన్ వచ్చింది. మిస్డ్ కాల్ ఇస్తే మేస్త్రీ పిలుస్తున్నాడని అర్థం, రెండుసార్లు ఇస్తే సిమెంట్ లారీ వచ్చిందని అర్థం. ఇలా ఎవరికి వాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. పైసా ఖర్చు లేకుండా పనులు నడిచాయి. అడ్డాలు పూర్తిగా పోలేదు, ఇప్పటికీ ఏ పట్టణంలో చూసినా ఉన్నాయి. కానీ పని తెలిసినవాడు అక్కడ నిలబడాల్సిన రోజులు తగ్గాయి.

ఈ మంచిని లెక్కగట్టి చూపించినవాళ్లు కూడా ఉన్నారు. ఉత్తర కేరళ తీరంలో 1997 నుంచి ఫోన్ టవర్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. వాటి సిగ్నల్ సముద్రంలోకి కొంత దూరం అందేది. అంతకుముందు వలలో చేప పడ్డాక ఏ రేవుకి వెళ్లాలో తెలిసేది కాదు. అలవాటైన రేవుకే వెళ్లేవాళ్లు. అక్కడ అప్పటికే చేపలు ఎక్కువైపోతే కొనేవాడు ఉండడు. పట్టిన చేపల్ని తిరిగి సముద్రంలో పారబోసేవాళ్లు. అదే పొద్దున పదిహేను కిలోమీటర్ల అవతల రేవులో వ్యాపారులు చేపలు దొరక్క ఖాళీ బుట్టలతో వెనక్కి వెళ్లేవాళ్లు. ఫోన్ వచ్చాక పడవలో నుంచే నాలుగు రేవులకు మాట్లాడి, ధర ఎక్కడుంటే అక్కడికి తిప్పారు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త దీన్ని ఏళ్లపాటు గమనించి 2007లో ప్రచురించాడు. పారబోయడం దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది. వినియోగదారుడికి ధర 4 శాతం తగ్గింది. అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ మేలు జరగడం అరుదు. ఇక్కడ జరిగింది.

మన తీరానికి కూడా అలాంటి మేలు ఉంది. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం ఉంది, 1999లో పెట్టారు. సముద్రానికి అంత దూరంలో కూర్చుని, ఉపగ్రహాల నుంచి వచ్చే సమాచారాన్ని బట్టి ఏ దిక్కున ఎంత దూరంలో చేపలు దొరకవచ్చో, అలలు ఎలా ఉంటాయో మన భాషలోనే జాలర్లకు పంపుతారు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి, వేలమంది పోయారు. ఈ రోజు అలాంటి తుపాను వస్తోందంటే ముందుగానే జేబుల్లో ఫోన్లు మోగుతాయి. దాని విలువ ఆ ప్రాంతం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

గల్ఫ్ సంగతి కూడా ఒక్క మాట. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి, కోనసీమ, కడప వైపు నుంచి వెళ్లినవాళ్ల ఇళ్లలో ఒకప్పుడు ఉత్తరం, లేకపోతే ఎవరైనా వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపిన క్యాసెట్. తర్వాత ఎస్టీడీ బూత్ ముందు లైను. ఇప్పుడు కువైట్‌లో వేరేవాళ్ల ఇంట్లో పనిచేసే తల్లి, వంట చేస్తూనే ఫోన్ గట్టు మీద ఆనించి ఇక్కడ కూతురికి జడ సరిగా పడిందో లేదో చూస్తుంది. ఇమో అనే యాప్ పేరు మన పట్నం పిల్లలకు తెలియకపోవచ్చు, గల్ఫ్ కుటుంబాల్లో ముసలమ్మకి కూడా తెలుసు. యజమాని పాస్‌పోర్ట్ లాక్కున్నాడని, జీతం ఇవ్వడం లేదని ఎడారిలో నుంచి వీడియో తీసి పంపితే ఇక్కడ కదలిక వచ్చిన సందర్భాలు మీరూ టీవీలో చూశారు. గొంతు లేని మనిషికి ఆ ఫోన్ గొంతు ఇచ్చింది.

ఇప్పటిదాకా చెప్పిన వాటన్నిటిలో ఒక పోలిక ఉంది. సమాచారం పనిచేసే మనిషి దగ్గరికి వస్తోంది. ధర ఎక్కడుందో జాలరికి తెలిసింది, పని ఎక్కడుందో మేస్త్రీకి తెలిసింది. ఏం చేయాలో వాళ్లే నిర్ణయించుకున్నారు.

స్మార్ట్‌ఫోన్ వచ్చాక, ముఖ్యంగా 2016 సెప్టెంబరులో డేటా ఒక్కసారిగా చవకయ్యాక, సమాచారం రెండోవైపు కూడా పారడం మొదలైంది. పనిచేసే మనిషి దగ్గర్నుంచి పైకి. ఎక్కడున్నావు, ఎన్ని గంటలకు వచ్చావు, ఫొటో ఏది, వేలిముద్ర ఏది, లొకేషన్ ఏది. పని చేయడం ఒక పని. చేశానని చూపించడం రెండో పని. ఈ రెండో పనికి కూలి లేదు. నేను ఈ రోజు మీతో చెప్పుకోవాలని వచ్చింది దీని గురించే.

ఉపాధి హామీ చూడండి. ఆ పథకం దేశంలో మొదలైందే మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. 2021లో కేంద్రం దీనికి హాజరు యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిచోట్లా తప్పనిసరి చేసింది. రోజుకు రెండుసార్లు, పనిచోటులోనే, కూలీల ఫొటో తీసి లొకేషన్‌తో సహా పంపాలని చెప్పింది. వినడానికి సబబుగానే ఉంది. మన దగ్గర ఉపాధి పని ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లకు ఇబ్బంది ఎక్కడో వెంటనే తెలుస్తుంది. మన కూలి గంటలను బట్టి కాదు, కొలతను బట్టి. ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత లోతు మట్టి తీస్తే ఇంత. అందుకే ఎండాకాలం తెల్లవారుజామునే పారా, తట్టా, నీళ్ల సీసా పట్టుకుని వెళ్లి, ఎండ ముదరకముందే కొలత పూర్తిచేసి ఇంటికొచ్చేవాళ్లు. ఇప్పుడు మట్టి తీయడం అయిపోయింది, గొయ్యి కళ్లముందే ఉంది, టేపు పెట్టి కొలుచుకోవచ్చు. అయినా రెండో ఫొటో వేళ అయ్యేదాకా కూర్చోవాలి. చెరువులో నీడ ఎక్కడుంది? మే నెలలో ఆ గట్టు మీద తువ్వాలు నెత్తిన వేసుకుని ఫొటో కోసం ఎదురుచూసే ఆడవాళ్లని చూస్తే, ఆ యాప్ రాసినవాళ్లు కొలత కూలి సంగతి ఎవరినీ అడగలేదని అర్థమవుతుంది.

ఇక మేట్, అంటే కూలీల గ్రూపుని చూసుకుంటూ హాజరు వేసే మనిషి. చాలాచోట్ల సొంత ఫోన్, సొంత డేటా. ఆ అమ్మాయి గ్రూపు మొత్తాన్ని వరసలో నిలబెట్టి, వెనకవాళ్ల మొహాలు కనబడేలా సర్ది, ఫొటో తీసి, సిగ్నల్ కోసం గట్టెక్కి చేయి పైకెత్తి తిరుగుతుంటుంది. ఫొటో వెళ్లకపోతే ఆ రోజు హాజరు పడదు. హాజరు పడకపోతే తిట్లు తినేది ఆ అమ్మాయే. ఎందుకంటే ఊళ్లో కనిపించేది ఆమే. సర్వర్‌ని ఎవరు తిడతారు?

ఆ మూల నుంచి ఎవరో అడుగుతున్నారు. గట్టిగా అడగండి సార్. ‘దొంగ మస్టర్లు రాసి డబ్బులు తిన్నారు కదా, యాప్ వస్తే తప్పేంటి’ అంటున్నారు. మంచి ప్రశ్న, దాటవేయను. దొంగ మస్టర్లు, అంటే దొంగ హాజరు పట్టీలు, నిజం. చనిపోయినవాళ్ల పేర్లు, ఊళ్లో లేనివాళ్ల పేర్లు రాసి డబ్బులు తిన్నారు. దాన్ని మొదట పట్టుకున్నది ఏది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన సామాజిక తనిఖీ. మస్టర్లో ఉన్న పేర్లను ఊళ్లోకి తెచ్చి, ఇంటింటికీ వెళ్లి ‘నువ్వు ఈ వారం ఎన్ని రోజులు పనికెళ్లావమ్మా’ అని అడిగి, తేడాలను ప్రజావేదికలో అందరి ముందూ చదివేవాళ్లు. అది చూసి నేర్చుకోవడానికి వేరే రాష్ట్రాల నుంచి కూడా వచ్చారు. అక్కడ లెక్క కూలీల చేతికి వచ్చింది. యాప్‌లో లెక్క కూలీల చేతిలో లేదు, పైన ఎక్కడో ఉంది. పోనీ దానివల్ల దొంగతనం ఆగిందా అంటే, 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారు, ఫొటోకే ఫొటో తీసి పెడుతున్నారు అని. దొంగ తన దారి తాను వెతుక్కున్నాడు. నిజంగా మట్టి తవ్విన మనిషి మాత్రం ఎండలో కూర్చుని ఉంది. యాప్ వద్దని నేను అనడం లేదు సార్. ఆ వివరాలు ప్రతి వారం గ్రామసభలో చదివి వినిపించండి, ఆ యాప్‌కి నేనే మొదట చప్పట్లు కొడతాను.

అంగన్‌వాడీకి వస్తాను. ఇక్కడ కొందరు టీచర్లు ఉన్నారు, తప్పు చెబితే సరిదిద్దండమ్మా. పోషణ్ ట్రాకర్ అనే యాప్ 2021 మార్చిలో వచ్చింది. పిల్లల బరువు, ఎత్తు, గర్భిణుల వివరాలు, కేంద్రం తెరిచారా లేదా, అన్నీ అందులో ఎక్కించాలి. అదే ఏడాది ఆగస్టులో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వమిచ్చిన ఫోన్లను వేల సంఖ్యలో తిరిగి ఇచ్చేశారు. ఆ ఫోన్లు యాప్‌ని మోయలేవు, యాప్ ఏమో ఇంగ్లీషులో ఉంది. పదో తరగతి చదివిన తల్లికి అర్థంకాని తెర ఇచ్చి, ఖాళీలు నింపకపోతే జీతం ఆపుతామంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. తర్వాత భాషలు వచ్చాయి, కొత్త ఫోన్లూ వచ్చాయి. ఆ తర్వాత ముఖం గుర్తింపు వచ్చింది. ఇంటికిచ్చే సరుకులు తీసుకోవడానికి వచ్చిన తల్లి ముఖాన్ని ఫోన్ గుర్తుపట్టాలి. దానికి ముందు ఆధార్ కేవైసీ, అంటే ఆధార్‌తో ఆమె వివరాలు సరిచూడటం, కావాలి. దానికి ఓటీపీ కావాలి.

ఈ ఓటీపీ దగ్గర కాసేపు ఆగుదాం. ఒక టీచరమ్మ నాతో చెప్పిన మాట ఇది. బాలింత సంకలో బిడ్డనేసుకుని వచ్చింది. ఆమె ఆధార్‌కి ఉన్న నంబరు భర్తది. భర్త బెంగళూరులో బిల్డింగ్ పనిలో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడు, పనిలో ఉంటే సూపర్‌వైజర్ ఫోన్ ముట్టనివ్వడు. ఎత్తి, నంబరు వెతికి చెప్పేలోపు ఓటీపీ గడువు అయిపోతుంది. ‘అన్నా, ఈ పిల్లని నేను పురిటికి ముందు నుంచి చూస్తున్నాను, వాళ్లమ్మ నాకు తెలుసు, వాళ్ల అమ్మమ్మ తెలుసు. నేను గుర్తుపట్టినా సరిపోదు, ఫోన్ గుర్తుపట్టాలంట’ అంది. గుడ్లు, పాలు, పప్పు ఎదురుగా బల్ల మీద ఉన్నాయి. ఇచ్చే మనిషి ఉంది, పుచ్చుకునే మనిషి ఉంది.

ఇది ఒక్క ఊరి కష్టం అనుకోకండి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్లు 48.8, 57.4. ఇప్పుడు పెరిగే ఉంటారు. కానీ ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే అది పొద్దున్నే ఎవరి జేబులో బయటికి వెళ్తుందో మీకూ తెలుసు. ‘ఇంటికో ఫోన్ ఉంది’ అని పైనుంచి లెక్క వేసినవాళ్లకు ఆ ఫోన్ ఇంట్లో ఉండదన్న సంగతి తోచలేదు.

బడి పంతుళ్లకు 2022లో ఆంధ్రప్రదేశ్‌లో సొంత ఫోన్లోనే ముఖం హాజరు వేయమన్నప్పుడు పెద్ద గొడవ జరిగింది, గుర్తుండే ఉంటుంది. బడిలో మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపే పని కూడా అప్పట్లో వాళ్ల మీదే పడింది. పాఠం చెప్పే మనిషి సమయం ఎటు పోయిందో ఆలోచించండి. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో ‘రేపు ఉదయానికల్లా వివరాలు పంపండి’ అని రావడం, పక్కనే నీలం టిక్కులు పడటం. చూసి జవాబివ్వకపోతే ఒక తంటా, చూడకపోతే ఇంకో తంటా. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పనివేళలు దాటాక ఆఫీసు ఫోన్‌కి జవాబివ్వకుండా ఉండే హక్కు చట్టంలో ఉంది. మన పార్లమెంటులో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి బిల్లే ప్రభుత్వం తరఫున కాకుండా సొంతంగా పెట్టారు, అది చట్టం కాలేదు.

ఇక డెలివరీ పిల్లలు. ఈ సభలో కూడా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, టీషర్టు చూసి పోల్చుకున్నాను. హైదరాబాద్‌లో కొండాపూర్, మాదాపూర్ సందుల్లో సరుకుల స్టోర్ల ముందు బైకులు వరసగా ఉంటాయి. హ్యాండిల్‌కి బిగించిన ఫోన్, దాన్నుంచి జేబులో పవర్ బ్యాంకుకి వైరు. ఆర్డర్ పడుతుంది, తెర మీద సెకన్లు తగ్గుతుంటాయి, ఆలోపు తీసుకోవాలి. రేటింగ్ తగ్గితే ఆర్డర్లు తగ్గుతాయని పిల్లలు చెబుతారు. ఎందుకు తగ్గాయో ఎవరూ చెప్పరు. మీ మేనేజర్ ఎవరు తమ్ముడూ అని అడిగితే ఫోన్ వైపు చూపించాడు ఒకబ్బాయి. ఎవరో కస్టమర్ పార్సిల్ అందలేదని కంప్లైంట్ పెట్టాడు, మర్నాడు పొద్దున లాగిన్ అయితే ఐడీ బ్లాక్. బైక్ మీద ఈఎంఐ ఉంది, చెల్లితో కలిసి ఉండే రూముకి అద్దె కట్టాలి. హెల్ప్‌లో చాట్ పెడితే ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని ఒకే జవాబు పదిసార్లు వచ్చింది. మనిషి గొంతు వినడానికి ఆ అబ్బాయి నగరంలో ఆఫీసు ఎక్కడుందో వెతుక్కుంటూ తిరిగాడు. తప్పు చేశాడో లేదో నాకు తెలియదు. ఊళ్లో పాలేరుని పనిలోంచి తీసేసేటప్పుడు కూడా దొర ఎదురుగా నిలబెట్టి ఒక మాట అనేవాడు, ఆ మాటకు వీడు ఒక జవాబు చెప్పుకునేవాడు. ఆ ఒక్క జవాబు కూడా ఈ పిల్లలకు లేకుండా పోయింది.

ఎంతమంది ఇలా బతుకుతున్నారు? కేంద్రానికి సలహాలిచ్చే నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన లెక్క ప్రకారం 2020-21లో దేశంలో 77 లక్షల మంది, 2029-30కి 2.35 కోట్లు అవుతారని అంచనా. లండన్‌లో డ్రైవర్లు కోర్టుకెక్కితే 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్లు కార్మికులేనని, కనీస వేతనం, సెలవు జీతం ఇవ్వాలని చెప్పింది. మన దగ్గర ఇలా యాప్‌ల మీద పనిచేసేవాళ్ల కోసం రాజస్థాన్ 2023లో మొదటి చట్టం చేసింది. కర్ణాటక 2025లో చేసింది, అందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటుంది: పనిలోంచి తీసేయాలంటే కారణం రాతపూర్వకంగా చెప్పి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగింది. బీమా, సంక్షేమ నిధి గురించి పేపర్లలో బాగా వచ్చింది. అవి కావాలి. కానీ నన్నడిగితే, ఐడీ ఆపేముందు మనిషి మనిషితో మాట్లాడాలన్న నిబంధన వాటికంటే ముందు ఉండాలి. ప్రమాదం జరిగితే బీమా వస్తుంది, అన్నం పెట్టే పని ఉన్నట్టుండి ఆగిపోతే ఏ బీమా వస్తుంది?

చివరిగా ఒక విన్నపం, ఇది మన తెలుగువాళ్లకే చేయగలిగిన విన్నపం. ఈ యాప్‌లు రాసేవాళ్లలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. మాదాపూర్‌లో, బెంగళూరులో, అమెరికాలో. ఈ హాల్లో చేతులెత్తమంటే సగం ఇళ్ల నుంచి ఒకరైనా ఆ పనిలో ఉంటారు. ఇక్కడి కాలేజీ పిల్లల్లో చాలామంది రేపు అక్కడికే వెళ్తారు. వెళ్లండి, బాగా సంపాదించండి. ఒక యాప్ మీ చేతికి వచ్చినప్పుడు, దాన్ని వాడే మనిషి దగ్గర ఒక పూట కూర్చోండి. సరుకులిచ్చే రోజు అంగన్‌వాడీలో కూర్చోండి. ఎండాకాలం చెరువు గట్టు మీద రెండో ఫొటో దాకా ఉండండి. సిగ్నల్ లేనప్పుడు ఏమవుతుంది, ఫోన్ భర్త దగ్గరుంటే ఏమవుతుంది, అరవై ఏళ్ల కూలి వేళ్లు అరిగిపోయి మెషీన్ మీద ముద్ర పడకపోతే ఏమవుతుంది, ఇవి మీ పరీక్షల జాబితాలో మొదట ఉండాలి. ఇప్పుడు చివర కూడా ఉండడం లేదు. ఆ టీచరమ్మకి ‘నేను ఈ తల్లిని గుర్తుపట్టాను, నాదే బాధ్యత’ అని నొక్కడానికి ఒక బటన్ పెట్టండి. నొక్కినవాటిని తర్వాత తనిఖీ చేసుకోండి, ఎవరూ వద్దనరు. బ్లాక్ అయిన పిల్లాడికి కనబడే తెర మీద కారణం తెలుగులో రాయండి, కింద ఒక ఫోన్ నంబరు ఇవ్వండి, అది ఎత్తడానికి ఒక మనిషిని పెట్టించండి. ఖర్చు అవుతుందని మీ పైవాళ్లు అంటారు. ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి వాళ్ల ముందు పెట్టండి, ఆ లెక్క నాకూ పంపండి, వచ్చే సభలో చదువుతాను.

టీచర్లు ఏదో సరిదిద్దాలని చేయెత్తారు. మైకు అటు ఇవ్వండి.